చొక్కాలకు పేర్లు పోయిన వారం

ఆ వీధి మొదట్లో, మందుల దుకాణానికీ కళ్ళజోళ్ళ దుకాణానికీ మధ్య, గాజు తలుపున్న లాండ్రీ ఒకటుంది. దాన్ని నడిపే ఆవిణ్ణి అందరూ లాండ్రీ పిన్ని అంటారు. ఆవిడ పిన్ని అయ్యాక భర్త బాబాయి కాక తప్పదు కదా, ఆయన్ని బాబాయి అంటారు. వాళ్ళకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. ఆ వరస ఎవరు మొదలుపెట్టారో ఇద్దరికీ గుర్తులేదు.

పెళ్ళయిన కొత్తలో వాళ్ళకున్నది ఒక ఇస్త్రీ బల్ల, రెండు ఇస్త్రీ పెట్టెలు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ఒకరు కాలరు ఇస్త్రీ చేస్తుంటే ఇంకొకరు ప్యాంటు మడత పెడుతూ, ఒక్కొక్క ఇంటి గిరాకీ సంపాదించుకున్నారు. ఇప్పుడు ముందుగదిలో కౌంటరు ఉంది. దాని వెనక, మీట నొక్కితే గుండ్రంగా తిరిగే హ్యాంగర్ల వరస ఉంది. పల్చటి కవర్లు తొడుక్కున్న కోట్లూ చొక్కాలూ గౌన్లూ కర్టెన్లూ దానికి వేలాడుతుంటాయి. వెనకగదిలో ఉతికే యంత్రాలు, ఆవిరి బాయిలరు. అది బాబాయి రాజ్యం. సాయంత్రాలు ఆయన చిన్న వ్యానులో ఉతికిన బట్టలు ఇళ్ళకు చేర్చి వస్తాడు.

కౌంటరు దగ్గర కూర్చునేది మరిది. చదువు అయిపోయాక ఉద్యోగం వెతుక్కునే లోపు నాలుగు రోజులు సాయం చేస్తానని వచ్చి, అక్కడే ఉండిపోయాడు. కంప్యూటరు తెచ్చింది అతనే. అంతకుముందు పిన్ని ప్రతి కాలరు లోపలా చెరగని సిరాతో గుర్తు రాసేది. ఒకసారి ఆ సిరా ఒకాయన తెల్లచొక్కాకు ఇవతలి పక్కకు దిగి పెద్ద గొడవైంది. మరిది వచ్చాక ఆ గుర్తులు పోయి, ప్రతి బట్టకూ చిన్న కాగితపు పట్టీ మీద నెంబరు పడింది. ఆ నెంబరు ఎవరిదో కంప్యూటరుకే తెలుసు. బట్టలు తయారవగానే వాళ్ళ ఫోనుకు మెసేజ్ వెళ్తుంది. రసీదు లేదు, చీటీ లేదు.

ఆ కంప్యూటరులో పిన్నికి నచ్చింది ఒకే ఒక్కటి: పేరూ ఫోనూ చిరునామా అయ్యాక చివర్న "గమనిక" అని ఒక ఖాళీ గడి ఉంటుంది. మనుషుల గురించి తనకు తెలిసినదంతా అందులో వేయించేది. "పసిపిల్ల ఉంది, బెల్ కొట్టొద్దు." "గంజి ఎక్కువైతే ఒంటికి దద్దుర్లు." "నెలాఖరు దాకా ఊళ్ళో ఉండరు." ఇంట్లో లేనప్పుడు కూడా బట్టలు లోపల తగిలించి వెళ్ళమనేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ తలుపు తాళం కోడ్ కూడా అందులోనే ఉండేది. "మన దగ్గరికి వచ్చినవాళ్ళు రెండోసారి చెప్పుకోనక్కర్లేదు" అని ఆవిడ గొప్పగా చెప్పుకునేది. అది నిజం కూడా.

పిన్ని ఇన్సూరెన్సు తనంతట తాను తీసుకున్నది కాదు. ఆడపడుచు అంటగట్టింది. బాబాయికి చెల్లెలు, మరిదికి అక్క అయిన ఆ మనిషి ఒక బీమా కంపెనీకి ఏజెంటు. కుటుంబంలో అందరికీ ప్రాణాలకూ వాహనాలకూ ఇళ్ళకూ పాలసీలు కట్టించేసి, ఇంకేమీ మిగలక, ఒకరోజు కౌంటరు మీద మోచేతులానించి కొత్త సంగతి ఎత్తుకుంది.

"వదినా, సైబర్ పాలసీ అని కొత్తగా వచ్చింది. చిన్న వ్యాపారాల కోసం. కంప్యూటరు మీద దొంగలు పడితే..."

"మా దుకాణంలో దొంగలు పడితే మాసిన చొక్కాలు తప్ప ఏం దొరుకుతాయే?" అంది పిన్ని, ఒక కాలరు మీద మరకను వెలుగులో పెట్టి చూస్తూ.

"నవ్వకు. పెద్ద కంపెనీలకి కాపలా ఉంటుంది. మీలాంటి వాళ్ళకి ఏముంది? ఆ దొంగకి అన్నీ ఒకటే. తీసి ఉన్న తలుపు ఏదైతే అందులో దూరతాడు."

ఆమె మూడుసార్లు వచ్చింది. మూడోసారి పిన్ని, నస భరించలేక, "సరే, నీ కోసం" అని ఇంకో కాలరు మరక చూస్తూనే సంతకం పెట్టింది. దరఖాస్తులోని ప్రశ్నలకు మరిది జవాబులు చెప్పాడు. వివరాల కాపీ కంప్యూటరుకు విడిగా ఉంచుతున్నారా అన్న ప్రశ్న దగ్గర ఆడపడుచు ఆగి, "లేకపోతే లేదని చెప్పు. లేదా ఇవాళే ఒక డిస్కు కొనుక్కుని ఉందని చెప్పు" అంది. మరిది వెళ్ళి అరచేతిలో పట్టే డిస్కు కొనుక్కొచ్చి, కంప్యూటరు వెనక తగిలించి, ఉందని చెప్పాడు. అబద్ధమేమీ కాదు. రోజూ దుకాణం మూసే వేళకు అన్నీ అందులోకి కాపీ అయ్యేవి. కాకపోతే ఆ డిస్కు ఆ రోజు నుంచీ ఆ కంప్యూటరుకే అతుక్కుని ఉండిపోయింది.

అది జరిగిన కొన్ని నెలలకు, ఒక సోమవారం పొద్దున్నే మరిది గాజు తలుపు తీసి, దీపాలు వేసి, కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పిన్ని పిన్నుల డబ్బా సర్దుతోంది. అతను ఒకే మీట మాటిమాటికీ నొక్కుతుంటే తలెత్తి చూసింది. అతని మొహం పాలిపోయి ఉంది.

"ఏమైందిరా?"

"ఏవీ తెరుచుకోవడం లేదు వదినా."

తెర మీద నల్లటి పలక, దాని మీద తెల్లటి అక్షరాలు. మరిది చదివి అర్థం చెప్పాడు. మీ ఫైళ్ళన్నీ మా దగ్గర భద్రంగా ఉన్నాయి, తాళంచెవి కావాలంటే ఫలానా విధంగా బిట్‌కాయిన్‌లో డబ్బు పంపండి, గడువు దాటితే రెట్టింపు. ఎవరికైనా చెప్తే ఇక అంతే. డిస్కు తెరిచి చూశాడు. కంప్యూటరుకు వేసిన తాళమే దానికీ వేశారు. అతుక్కుని ఉంది కాబట్టి అదీ పోయింది.

పిన్నికి అన్నిటికంటే ఆ "భద్రంగా" అన్న మాటకు ఒళ్ళు మండింది.

బాబాయి వెనకగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "వైరు పీకి మళ్ళీ పెట్టండి" అన్నాడు. ఆయనకు తెలిసిన యంత్రాలన్నిటికీ అదే మందు. మరిది అప్పటికే ఒక స్నేహితుడికి ఫోన్ చేశాడు. కంప్యూటర్లు బాగుచేసే ఆ కుర్రవాడు, తెచ్చిస్తే మధ్యాహ్నానికల్లా అంతా తుడిచి కొత్తదానిలా చేసిస్తానన్నాడు. మరిది ఆ మాట పట్టుకుని లేచాడు. తెర వెనక వైర్లు తీయబోతుంటే పిన్ని అతని మణికట్టు పట్టుకుంది.

"ఆగు. మీ అక్కని అడుగుదాం. డబ్బు కట్టించుకుంది కదా."

ఆడపడుచు ఫోన్‌లో ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం ముక్కలు ముక్కలుగా చెప్పింది. "తుడవొద్దు. ఆపొద్దు. ఇంటర్నెట్ వైరు ఒక్కటి తీసేయండి. వాడికి జవాబు ఇవ్వొద్దు. పైసా పంపొద్దు. నేనొస్తున్నా. ఈలోగా ఒక నెంబర్ ఇస్తా, దానికి చెయ్యండి." తర్వాత తెలిసింది, ఆ కుర్రవాడి చేతిలో కంప్యూటరు పెట్టి ఉంటే దొంగ ఎటునుంచి వచ్చాడో తెలిసే ఆధారమే ఉండేది కాదట. ఆధారం లేకపోతే పాలసీ కూడా ఉత్త కాగితమేనట.

ఆ నెంబరు వెనక ఉన్న మనిషి పేరు చెప్పే ఉంటుంది గానీ, దుకాణంలో అందరికీ ఆమె ఫోనమ్మాయి అయింది. బీమా కంపెనీ ఇలాంటి ఆపదల కోసం పెట్టుకున్న నిపుణురాలు. గొంతు వింటే చిన్నపిల్లలా ఉంది, మాట మాత్రం నిబ్బరం. మరిది చేత ఏవేవో చేయించింది, తెర ఫొటోలు తీయించింది. మధ్యమధ్యలో "కంగారేం లేదండి, మెల్లగా చెప్పండి" అంటుంటే, డాక్టరు చేయి పట్టుకున్నప్పుడు రోగికి ఎలా ఉంటుందో పిన్నికి అలా ఉంది.

ఈలోగా దుకాణానికి మనుషులు రావడం మొదలైంది.

హ్యాంగర్ల మీద బట్టలన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు, పాడవలేదు. కానీ ఏది ఎవరిదో చెప్పే దిక్కు లేదు. పట్టీల మీద నెంబర్లు, అంతే. మొదట వచ్చినాయన ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళాలి, కోటు కావాలి. పిన్నికి ఆయన మొహం తెలుసు, ఆయన భార్యకు మోకాళ్ళ నొప్పులని తెలుసు, కోటు మాత్రం వరసలో ఉన్న నల్లకోట్లలో ఏదో తెలియదు.

"కంప్యూటరు పాడైంది. లోపలికి రండి, మీరే వెతుక్కోండి" అని కౌంటరు పలక ఎత్తింది.

ఆ వారమంతా అదే పద్ధతి. వచ్చినవాళ్ళు ముందు తమ బట్టకు ఒక గుర్తు చెప్పాలి. బొత్తాము రంగో, జేబు చిరుగో, ఏదో ఒకటి. అప్పుడు లోపలికి వచ్చి చూసుకోవాలి. పిన్నికి ఆశ్చర్యమనిపించిన సంగతి, మనుషులకు తాము రోజూ తొడుక్కునే బట్టల గురించి ఏమీ తెలియకపోవడం. "నీలం చొక్కా" అంటారు. నీలం చొక్కాలు ఒక పెళ్ళిగుంపుకు సరిపడా ఉన్నాయి. ఒక భూముల బ్రోకరూ, ఒక బస్సు డ్రైవరూ ఒకే బూడిదరంగు కోటు కోసం గంటసేపు వాదించుకున్నారు. లోపలి జేబులో చిన్న కుట్టు ఉండాలని ఇద్దరూ అన్నారు. కోటులో కుట్టు ఉంది. చివరికి బాబాయి విసుగొచ్చి, "తొడుక్కోండయ్యా ఇద్దరూ" అన్నాడు. బ్రోకరు తొడుక్కుంటే చేతులు వేళ్ళ కొసల దాకా వచ్చాయి. డ్రైవరుకు అతికినట్టు సరిపోయింది. బ్రోకరు కోటు ఇంకాస్త అవతల కర్టెన్ల చాటున దొరికింది. దాని జేబులోనూ కుట్టు ఉంది. ఇద్దరూ నవ్వుకుని, బయట వాన పడుతుంటే ఒకే గొడుగు కింద వెళ్ళారు.

మొదటి రోజు పిన్ని దీన్నొక తలనొప్పి అనుకుందే తప్ప ఆపద అనుకోలేదు. ఆపద మర్నాడు తెలిసింది.

ఫోనమ్మాయి పొద్దున్నే చేసింది. "మేడమ్, రెండు సంగతులు తెలిశాయండి. ఒకటి, వాడు ఎలా వచ్చాడన్నది. మీకు సబ్బు ద్రావకం సప్లై చేసే కంపెనీ పేరుతో కొన్ని వారాల క్రితం ఒక మెయిల్ వచ్చింది. బిల్లు అని జత చేశారు. అది బిల్లు కాదు. దాన్ని ఎవరో తెరిచారు."

స్పీకరులో ఆ మాట అందరూ విన్నారు. మరిది తలొంచుకుని, "నేనే" అన్నాడు. "అచ్చం వాళ్ళు పంపినట్టే ఉంది. తెరిస్తే ఖాళీ కాగితం వచ్చింది. పొరపాటున పంపారనుకున్నా."

"చాలామంది అలాగే అనుకుంటారండి" అంది ఫోనమ్మాయి. "ఇక రెండోది. తాళం వేసే ముందు వాడు ఫైళ్ళు కాపీ చేసుకుని బయటికి పంపుకున్నాడు. అందులో జనాల వివరాలు ఏమేం ఉన్నాయో చెప్పగలరా?"

మరిది చెప్పుకుంటూ పోయాడు. పేర్లు, ఫోన్లు, చిరునామాలు. "తర్వాత గమనికలు" అన్నాడు.

పిన్ని చేతిలో ఉన్న హ్యాంగరు కింద పెట్టింది. ఎవరు ఊళ్ళో లేరో, ఎప్పుడొస్తారో, ఎవరి తలుపు ఏ అంకెలు నొక్కితే తెరుచుకుంటుందో, అంతా తను చెప్పి వేయించిందే. ఒక్కొక్కటీ ప్రేమగా, పనికొస్తుందని.

"చెప్పాలి వాళ్ళకి" అంది.

"చెప్పాలండి, చట్టం కూడా చెప్పమంటుంది" అంది ఫోనమ్మాయి. "పాలసీలో లాయరు ఖర్చు ఉంది. వాళ్ళు ఉత్తరం తయారుచేసి మూడు నాలుగు రోజుల్లో అందరికీ పంపిస్తారు. అప్పటిదాకా మీరై మీరు ఏమీ అనకండి. తప్పు మాదే అనో, నష్టం మేమే ఇస్తామనో నోరుజారితే క్లెయిముకి ఇబ్బంది."

"తలుపు కోడ్‌లున్న ఇళ్ళు ఉత్తరం వచ్చేదాకా ఆగుతాయా అమ్మా?"

"లాయర్ని ఇప్పుడే అడుగుతాను. మధ్యాహ్నం లోపు చెప్తాను. అప్పటిదాకా ఆగండి, ప్లీజ్."

ఫోను పెట్టేశాక బాబాయి తలుపు దగ్గరికి వెళ్ళి, బయట ఎవరూ లేరని చూసుకుని వచ్చాడు. "ఎందుకే ఇప్పుడు ఊరందరికీ చాటుకోవడం? ఆ దొంగవెధవ ఏ దేశంలో ఉన్నాడో. వాడొచ్చి ఇక్కడి తలుపులు తీస్తాడా? మనం చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెప్తే, ఇన్నేళ్ళు సంపాదించుకున్న పేరు ఒక్క పూటలో పోతుంది."

"వాడు రాడు. వాడు అమ్మితే కొనుక్కున్నవాడు రావచ్చు కదా."

"రాకపోవచ్చు కూడా."

"రాకపోతే మంచిదే. నాకూ పేరు పోతుందనే భయం. పోయేదే అయితే, మన నోటితో చెప్పాక పోనీ. ఇంకెవరి నోటనో విని మొహం మీద తలుపేస్తే నేను తట్టుకోలేను."

బాబాయి పెదవి విరిచి వెనకగదిలోకి వెళ్ళిపోయాడు. యంత్రాల తలుపులు దబదబా మూసిన చప్పుడు వినిపించింది.

మధ్యాహ్నం లాయరు దగ్గర్నుంచి కబురొచ్చింది. కోడ్‌లున్న ఇళ్ళవాళ్ళకు వెంటనే చెప్పవచ్చు, చెప్పడమే మంచిది. జరిగింది జరిగినట్టు చెప్పండి, తలుపు కోడ్ మార్చుకోమనండి, ఉత్తరం వస్తుందనండి. అంతకుమించి వద్దు. ఆడపడుచు ఆ నాలుగు ముక్కలూ ఒక కాగితం మీద రాసి వదిన చేతిలో పెట్టింది.

ఇక మిగిలిన చిక్కు, ఆ ఇళ్ళు ఏవో తెలియడం. చిరునామాలు తాళం వెనకే ఉన్నాయి. ఇళ్ళు తెలిసినవాడు బాబాయి ఒక్కడే. ఆయన్ని ఫలానా ఇంటి నెంబరెంత అని అడిగితే చెప్పలేడు, కోడ్ ఎంత అన్నా చెప్పలేడు. వ్యాను ఆ వీధిలోకి తిరిగిందంటే మాత్రం చేతులే దారి తీస్తాయి, తలుపు ముందు నిలబడితే వేళ్ళే అంకెలు నొక్కేస్తాయి.

పిన్ని వెనకగది గుమ్మంలో నిలబడింది. "ఏమండీ."

ఆయన బాయిలరు ఆపి, చొక్కా మార్చుకుని, తాళాల గుత్తి తీసుకుని వ్యాను దగ్గరికి నడిచాడు.

మొదటి రెండు ఇళ్ళ దగ్గర ఆయన వ్యాను దిగలేదు. స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు. పిన్నే వెళ్ళి బెల్ కొట్టి, ఆ నాలుగు ముక్కలూ చెప్పి వచ్చింది. మొదటి ఇంటావిడ, "అయ్యో, మీకెంత నష్టమొచ్చిందో" అని తనకే ధైర్యం చెప్పింది. రెండో ఇంట్లో తలుపు తీసిన మనిషి అంతా విని, "సరే" అని తలుపేసుకున్నాడు.

మూడో ఇల్లు ఒక రిటైరైన సంగీతం మాస్టారిది. ఒంటరి మనిషి. ఆయనకు విషయం అర్థం కావడానికే చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక, "కోడ్ మార్చడం నాకు రాదు పిన్నీ, మా అబ్బాయి పెట్టి వెళ్ళాడు" అన్నాడు. పిన్నికీ రాదు. వెనక్కి తిరిగి వ్యాను వైపు చూసింది. బాబాయి దిగి వచ్చాడు. తలుపు మీది పెట్టె విప్పి, ఎక్కడ నొక్కాలో చూపించి, మాస్టారు కొత్త అంకెలు వేస్తుంటే వీపు తిప్పుకుని వీధి వైపు నిలబడ్డాడు.

"చూడవయ్యా, పర్లేదు. నువ్వు మావాడివే" అన్నాడు మాస్టారు.

"వద్దండి. ఇకనుంచి మేము చూడం" అన్నాడు బాబాయి.

ఆ తర్వాత ఆయన ప్రతి ఇంటి దగ్గరా దిగాడు.

ఊరెళ్ళిన ఒక కుటుంబం ఇంటికి తాళం ఉంది. వాళ్ళ ఫోను నెంబరు ఈ ఇద్దరి దగ్గరా లేదు. కింది అంతస్తులో ఉన్నావిడను అడిగి సంపాదించి, అక్కడే మెట్ల మీద నిలబడి మాట్లాడారు. ఆ ఇంటాయన కిందావిడ చేతనే కోడ్ మార్పించాడు.

చివరి ఇల్లు ఒక నర్సమ్మది. ఆసుపత్రి యూనిఫారాలు పిన్ని దగ్గరే ఉతికిస్తుంది. రాత్రి డ్యూటీలు కాబట్టి పగలు నిద్రపోతుంది. బెల్ మోతకు లేవలేనని బతిమాలి కోడ్ ఇచ్చింది తనే. పిన్ని చెబుతున్నంతసేపూ ఆమె గుమ్మంలో చేతులు కట్టుకుని విన్నది. నిద్రమత్తు మెల్లగా దిగిపోవడం కళ్ళలో తెలుస్తోంది.

"అది కంప్యూటర్లో రాసుకున్నారా?" అంది.

"అవునమ్మా."

"బాబాయిగారికి గుర్తుంటుందని చెప్పాను నేను. మీకు చెప్పాను, రాసుకోమని చెప్పలేదు." గొంతు పెంచలేదు. "మా సొంత అక్కకి కూడా నా తలుపు కోడ్ తెలియదు పిన్నిగారూ. పగలంతా ఒళ్ళు మరిచి పడుకుంటాను ఇంట్లో. ఒక్కదాన్నే."

పిన్ని చేతిలోని కాగితంలో ఉన్న ముక్కలన్నీ అయిపోయాయి. క్షమించమని అనబోయి, లాయరు మాట గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగింది. తర్వాత అనేసింది. "తప్పయిపోయిందమ్మా." క్లెయిము ఏమైనా కానీ అనుకుంది.

నర్సమ్మ ఆ సాయంత్రమే వచ్చి తన యూనిఫారాలు వెతుక్కుని తీసుకుపోయింది. మళ్ళీ ఆ గాజు తలుపు తోసుకుని రాలేదు. బస్టాపులో ఎదురుపడితే తలూపుతుంది, అంతే.

ఆ తర్వాతి సంగతులు నెమ్మదిగా తేలాయి. దొంగకు డబ్బు పంపలేదు. పంపినా తాళంచెవి ఇస్తాడని నమ్మకం లేదనీ, కాపీలు చెరిపేస్తాడని అసలే లేదనీ ఫోనమ్మాయి చెప్పింది. లెక్కలు చూసే ఆడిటరు దగ్గర ఒక పాత కాపీ దొరికింది. దానితో సగానికి పైగా పేర్లు తిరిగొచ్చాయి. మిగతావి జనమే వచ్చి చెప్పారు. ఉత్తరం అందాక కొందరు ఫోన్ చేసి తిట్టారు, కొందరు మానేశారు. తెలిసినంతలో ఏ ఇంట్లోనూ ఎవరూ దూరలేదు. ఎవరి పేరుతోనైనా ఎక్కడైనా ఏదైనా జరిగిందా అంటే, చెప్పలేరు. అది తెలియకపోవడమే పిన్నికి చాలాకాలం నిద్ర పట్టనివ్వలేదు.

బీమా కంపెనీ నిపుణుల ఖర్చూ లాయరు ఖర్చూ ఉత్తరాల ఖర్చూ పూర్తిగా పెట్టుకుంది. "తప్పయిపోయింది" అన్న మాట సంగతి ఎవరూ ఎత్తలేదు. కానీ దుకాణం కుంటుపడిన రోజుల నష్టంలో మొదటి రోజులు లెక్కలోకి రావన్నారు. వివరాలు తిరిగి కట్టుకున్న ఖర్చులో సగమే ఇచ్చారు. "విడిగా" అంటే కంప్యూటరుకు తగిలించకుండా అని అర్థమట. ఆడపడుచు తన కంపెనీ వాళ్ళతోనే నెలల తరబడి పోట్లాడింది. ఆ సగమైనా ఆమె పోట్లాడితేనే వచ్చింది.

"ఇవన్నీ అమ్మేటప్పుడు చెప్పలేదేమే?" అంది పిన్ని.

"చెప్పాను వదినా. డిస్కు ఇంటికి పట్టుకెళ్ళమనీ చెప్పాను. నువ్వప్పుడు కాలరు మరక చూస్తున్నావు. వాడు ఫోను చూస్తున్నాడు."

పిన్ని కోపం తెచ్చుకోబోయింది. కానీ తను సంతకం పెట్టింది మరకను చూస్తూనే అన్నది గుర్తుకొచ్చి నవ్వేసింది.

మరిది మాత్రం చాలా రోజులు కౌంటరు మొహం చూడలేదు. వెనకగదిలో అన్నతో పాటు తడిబట్టలు పిండుతూ, యంత్రాల్లోంచి తీస్తూ, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడకుండా తిరిగాడు. అతని చోట పిన్ని కూర్చుని ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టేది. ఒకరోజు కౌంటరు ముందు జనం నిలబడి ఉండగానే లేచి, వెనకగదిలోకి వెళ్ళి అతని చేతిలోంచి బకెట్టు లాక్కుంది.

"పద, వెళ్ళి కూర్చో."

"నన్ను కూర్చోబెట్టొద్దు వదినా. మళ్ళీ ఏదో చేస్తాను."

"వేరేవాణ్ణి పెట్టుకుంటే వాడికి మొదటినుంచీ నేర్పాలి. నీకు ఒకసారి చెయ్యి కాలింది. ఇక చూసుకునే ముట్టుకుంటావు. పద, అవతల జనం ఉన్నారు."

వెళ్ళి కూర్చున్నాడు. ఆ తర్వాత సబ్బు కంపెనీ నుంచి ఏ బిల్లు వచ్చినా, తెరిచే ముందు వాళ్ళ ఆఫీసుకు తనకు పాతనుంచీ తెలిసిన నెంబరుకు ఫోన్ చేసి మీరే పంపారా అని అడుగుతాడు. వాళ్ళు మొదట్లో నవ్వేవాళ్ళు. ఇప్పుడు అడక్కముందే చెప్తున్నారు. కంప్యూటరు తెరవాలంటే ఫోనుకు వచ్చే అంకెలు కూడా కొట్టాలి. డిస్కులు రెండు అయ్యాయి. ఒకటి పనిలో ఉన్నప్పుడు ఇంకొకటి ఇంట్లో బాబాయి బీరువాలో ఉంటుంది. గమనికల గడి ఉంది గానీ, అందులో గంజి గురించీ బొత్తాముల గురించీ తప్ప ఏమీ రాయరు. ఎవరైనా తలుపు కోడ్ చెప్పబోతే పిన్ని చెయ్యి అడ్డంపెట్టి, "వద్దు, మీరున్నప్పుడే పంపిస్తాం" అంటుంది. కొందరు చిన్నబుచ్చుకుంటారు. అయినా వినదు.

ఏడాది తిరిగి పాలసీ గడువు వచ్చింది. ఈసారి ప్రశ్నలు ఎక్కువగా ఉన్నాయి, కట్టాల్సింది కూడా పెరిగింది. ఆడపడుచు కాగితాలు తెచ్చి ఎప్పటిలాగే సంతకం చోటు చూపించబోయింది. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. అర్థం కాని ప్రతిచోటా ఆపి అడిగింది. ఒక చోట ఆడపడుచుకే తెలియక కంపెనీకి ఫోన్ చేయాల్సి వచ్చింది. సిబ్బందికి ఏడాదికోసారి శిక్షణ ఇప్పిస్తున్నారా అన్న ప్రశ్న దగ్గర మరిది కౌంటరు అవతల్నుంచి, "ఇప్పిస్తున్నామని రాయొచ్చు వదినా, నువ్వు రోజూ తిడుతూనే ఉన్నావుగా" అన్నాడు.

"తిట్లు శిక్షణ కాదు. లేదని రాయి" అంది పిన్ని. "అది ఎక్కడ ఇస్తారో కనుక్కుని వచ్చే నెల నువ్వూ మీ అన్నయ్యా వెళ్ళండి. నేనూ వస్తా."

వెనకగదిలోంచి బాబాయి, "నేనెందుకు, నేను ముట్టుకునేది బాయిలరేగా" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆడపడుచు లేదని రాసుకుంది. పిన్ని మిగతా రెండు పేజీలు కూడా చదివి సంతకం పెట్టి, అప్పటికే కౌంటరు ముందు నిలబడి ఉన్నావిడ చేతిలోంచి కర్టెన్లు అందుకుని, మరకలెక్కడున్నాయో చూపించమంది.